బాక్సు కట్టిన చరిత్ర మనకొద్దు

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కొంతకాలం పన్నెండో తరగతి పాఠ్యపుస్తకంలో ఉన్నారు. ఇప్పుడు లేరు. 2007లో ఎన్.సి.ఇ.ఆర్.టి. తెచ్చిన రాజనీతి శాస్త్రం పుస్తకంలో ప్రజా ఉద్యమాల గురించి ఒక అధ్యాయం ఉండేది. చిప్కో, దళిత్ పాంథర్స్, రైతుల ఉద్యమం, నర్మదా బచావో ఉద్యమాల సరసన మన సారా వ్యతిరేక ఉద్యమానికి కూడా అందులో చోటు దొరికింది. స్వాతంత్ర్యం తర్వాత ఈ దేశంలో మామూలు మనుషులు ఏం చేశారన్నది పిల్లలకు కాస్తో కూస్తో తెలిసింది ఆ అధ్యాయంతోనే. 2022లో దాన్ని మొత్తంగా తీసేశారు. కోవిడ్ తర్వాత పిల్లల మీద చదువు భారం తగ్గించడానికట!

ఇది మొదటిసారి కాదు. 2019లో తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలోంచి మూడు అధ్యాయాలు పోయాయి. వాటిలో ఒకటి దుస్తుల సామాజిక చరిత్ర. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు తమ ఒంటిమీద పైబట్ట వేసుకునే హక్కు కోసం 1820ల నుంచి 1859 దాకా చేసిన పోరాటం అందులో ఉండేది. పైకులాల వాళ్ళ ముందు రొమ్ము కప్పుకోకూడదన్న కట్టుబాటు ఈ దేశంలో ఉండేదని, దాన్ని ఆడవాళ్ళు ఎదిరించి గెలిచారని పద్నాలుగేళ్ళ పిల్లకు తెలియడం భారమా? ఎవరికి భారం?

ఈ తొలగింపుల మీద నిరసన చెప్పాలి. చెప్తున్నాం కూడా. కానీ నేను మాట్లాడదలచుకున్నది అంతకన్నా లోతైన సమస్య గురించి. ఒక్క సర్క్యులర్‌తో పోయేంత పలచగా ఆ చరిత్ర పిల్లల దగ్గర ఎందుకుంది? పేజీ చించేస్తే పోయేది సమాచారం మాత్రమే. చరిత్రను ఎలా వెతకాలో, ఎవరిని అడగాలో, చెప్పినదాన్ని ఎలా తూచి చూడాలో నేర్చుకున్న పిల్ల దగ్గరనుంచి దాన్ని ఏ ప్రభుత్వమూ లాక్కోలేదు. మన బడుల్లో ఆ పని జరగడం లేదు. స్త్రీల చరిత్ర విషయంలో అసలే జరగడం లేదు. స్త్రీల సంఘాలుగా మనం పట్టుబట్టాల్సింది అక్కడ అని నా వాదన.

మన పాఠ్యపుస్తకాల్లో స్త్రీలు లేరని ఇప్పుడు ఎవరూ అనలేరు. ఉన్నారు. బాక్సుల్లో ఉన్నారు. పాఠం ఒక దారిన పోతూ ఉంటుంది. రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు, సంస్కర్తలు, నాయకులు. పేజీకి ఒక పక్కన గళ్ళు కట్టి, లేత రంగు అద్ది, 'మీకు తెలుసా?' అన్న శీర్షికతో ఒక స్త్రీ బొమ్మ ఉంటుంది. ఆ బాక్సు తీసేసినా పాఠంలో ఒక్క వాక్యం కూడా మార్చనక్కరలేదు. బాక్సుకున్న గుణమే అది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టొచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యొచ్చు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నే తీసుకోండి. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూను ఆపిన చిన్నపిల్లగా ఆమె అందరికీ తెలుసు. ముద్దొచ్చే కథ. ఎనిమిదేళ్ళ వయసులో తనకు చేసిన పెళ్ళిని కాదనుకుని బయటికి వచ్చిన మనిషి ఆమె అని ఎంతమంది పిల్లలకు తెలుసు? రాజ్యాంగ సభలో సభ్యురాలిగా కూర్చుందని? ఆ వయసు ఆడపిల్లకు ఆ తెగువ ఎక్కడినుంచి వచ్చింది, ఆమెతోపాటు ఇంకా ఎవరున్నారు అని అడిగితే పాఠం మొత్తం తిరగరాయాల్సి వస్తుంది. అందుకని ఆమెను నెహ్రూను ఆపిన గేటు దగ్గరే ఆపేశాం.

వీరేశలింగం పాఠం చూడండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారని రాస్తే మార్కు పడుతుంది. ఆ రోజు పెళ్ళిపీటల మీద కూర్చున్న గౌరమ్మ గురించి ఏ ప్రశ్నా రాదు. ఆ పెళ్ళికి ఒప్పుకోవడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చింది? వెలికి భయపడి వంటకూ నీళ్ళకూ మనుషులు రానప్పుడు ఆ చాకిరీ నెత్తిన వేసుకున్న రాజ్యలక్ష్మమ్మకు మన పాఠంలో ఉన్న పేరు 'భార్య'. సంస్కరణ అంటే ఒక మగవాడు స్త్రీల కోసం చేసిపెట్టిన ఉపకారమని పిల్లలకు నూరిపోస్తున్నాం. ఇది సమాచార లోపం కాదు, దృక్పథం.

ఇలా అనగానే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. టీచర్ల శిక్షణ తరగతుల్లో, అధికారుల గదుల్లో, చివరికి యూనివర్సిటీ సెమినార్లలో కూడా అదే మాట: "మేడమ్, మీరు చెప్పేది నిజమే, కానీ స్త్రీల గురించి ఆకరాలు ఎక్కడున్నాయి? రాసిపెట్టినవాళ్ళు లేరు కదా!"

ఉన్నాయి. వెతికేవాళ్ళు లేరు, అంతే.

శాసనాలతో మొదలుపెడదాం. కాకతీయ రుద్రమ మరణాన్ని చెప్పే 1289 నాటి చందుపట్ల శాసనం నల్గొండ జిల్లాలో ఉంది. ఆమెను కొన్ని శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో ఎందుకు పిలిచాయి? ఈ ఒక్క ప్రశ్న తరగతిలో వేసి చూడండి. సింహాసనం ఎవరిదని అప్పటి సమాజం అనుకుందో పిల్లలే చెప్తారు. మధ్యయుగాల గుడి శాసనాల్లో దానాలిచ్చిన స్త్రీల పేర్లున్నాయి, వాళ్ళలో గుడి సానులు కూడా ఉన్నారు. దానం ఇవ్వాలంటే ఆస్తి ఉండాలి. మరి ఆ ఆస్తి ఏమైంది? ఆ సానుల వారసురాళ్ళు తర్వాతి కాలంలో ఎలా నిందకు గురయ్యారు? ఇదంతా చరిత్ర పాఠం కాదా?

పుస్తకాలకు వద్దాం. భండారు అచ్చమాంబ 1901 నాటికే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. అంటే తెలుగులో స్త్రీల చరిత్రను ఒక స్త్రీ రాసి నూట ఇరవై ఏళ్ళు దాటింది. బడి గడప తొక్కకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే తానూ నేర్చుకుని, ముప్పై ఏళ్ళకే 1905లో చనిపోయిన మనిషి ఆమె. తమ్ముడు చరిత్రకారుడిగా ప్రసిద్ధుడు. అక్క రాసింది కూడా చరిత్రే అని మనం బడిలో ఎందుకు చెప్పం?

ముద్దుపళని 'రాధికా సాంత్వనము' సంగతి మరొకటి. ఆ కావ్యాన్ని బడిపిల్లలకు పాఠం చెప్పమని నేననడం లేదు. ఆ పుస్తకానికి పట్టిన గతిని చెప్పమంటున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఒక స్త్రీ రాసిన కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చువేయించింది. 1911లో అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. వితంతువులకు పెళ్ళిళ్ళు చేసిన వీరేశలింగమే ఆ కావ్యాన్నీ ఆ కవయిత్రినీ నిందించాడు. ఆకరాలు లేవు అనేవాళ్ళకు ఇదే జవాబు. కొన్ని ఆకరాలు లేకుండా పోలేదు, లేకుండా చేశారు. ఒకే మనిషి ఒక విషయంలో సంస్కర్తగా, ఇంకో విషయంలో కాపలాదారుగా ఉండగలడని తొమ్మిదో తరగతి పిల్లలు బ్రహ్మాండంగా అర్థం చేసుకుంటారు. వాళ్ళ ఇళ్ళల్లో చూస్తున్నదే కదా!

ఇక మౌఖిక చరిత్ర. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మన చేతుల్లోనే ఉంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పిన అనుభవాలవి. దళంలో పనిచేసినవాళ్ళు, ఉత్తరాలు మోసినవాళ్ళు, పసిబిడ్డలను వదిలి అడవికి పోయినవాళ్ళు, పోరాటం ఆగాక మళ్ళీ వంటింటికి పంపబడ్డవాళ్ళు. పోరాటాన్ని పొగిడే పుస్తకాలు చాలా ఉన్నాయి. పోరాటంలోని స్త్రీలు ఆ పోరాటాన్నే ప్రశ్నించడం ఇందులో ఉంది. స్త్రీవాద పరిశోధకులు దేశదేశాల్లో చదివిన ఈ పుస్తకం, అందులోని స్త్రీలు పుట్టిన ఊళ్ళ హైస్కూళ్ళలో ఎందుకు లేదు?

ఇన్ని ఉండగా, పాఠం ఎలా చెప్పాలి అన్నది మిగిలిన ప్రశ్న. పుస్తకంలోంచి తోసేసిన దూబగుంటనే తీసుకుని చూపిస్తాను. నాలుగు పీరియడ్లు చాలు, ఖర్చేమీ లేదు.

మొదటి పీరియడ్‌కు ముందు రోజు పిల్లలకు ఒక పని. ఇంట్లోనో వాడలోనో యాభై ఐదేళ్ళు దాటిన ఒక ఆడమనిషిని అడిగి రావాలి. 1990ల మొదట్లో మన ఊళ్ళో సారా దుకాణం ఎక్కడుండేది? ఎవరు నడిపారు? దాన్ని మూయించాలని ఎవరైనా ప్రయత్నించారా? ఏం జరిగింది? జవాబులు రకరకాలుగా వస్తాయి. ఒకదానికొకటి పొసగవు. అదే కావాల్సింది. ఎవరు చెప్పింది నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్నది చరిత్రలో మొదటి పాఠం.

రెండో పీరియడ్ ఆనాటి పత్రికలు. శాఖా గ్రంథాలయంలోనో మన సంఘాల దగ్గరో ఉన్న వార్తల జిరాక్సులు నాలుగు చాలు. వార్తలో పేర్లు ఎవరివి ఉన్నాయి? ఆడవాళ్ళు మాట్లాడారా, వాళ్ళ గురించి వేరేవాళ్ళు మాట్లాడారా? ఫోటో కింద ఏం రాశారు?

మూడో పీరియడ్ ప్రభుత్వం. బోర్డు మీద ఒక గీత గీసి సంవత్సరాలు వేయాలి. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది ప్రభుత్వమే. అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు వాచకంలోని కథ చదివి, తమ బతుకుల గురించి మాట్లాడుకుని, సారా దుకాణం మీదికి కదిలారు. 1992లో జిల్లా అంతటా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాని ఎత్తివేత. ఇప్పుడు పిల్లల్ని అడగండి: ఈ గీత మీద ఏ మార్పు ఎవరు తెచ్చారు? ఎవరు తెచ్చామని చెప్పుకున్నారు? పోయినప్పుడు ఎవరిని అడిగి తీసేశారు?

నాలుగో పీరియడ్‌లో పిల్లలే రాస్తారు. వాళ్ళ ఊరి పాఠం, ఒక పేజీ. రోశమ్మ ఒక్కతే కాకుండా, పేరు లేని మిగతావాళ్ళు కూడా అందులోకి వస్తారు.

ఒక్కటి గమనించండి. వాచకంలోని ఒక పాఠం ఉద్యమానికి దారితీసింది. ఆ ఉద్యమం గురించిన పాఠాన్ని ఇంకో పుస్తకంలోంచి తీసేశారు. పాఠం ఏం చెయ్యగలదో తీసేసినవాళ్ళకు మనకన్నా బాగా తెలిసినట్టుంది.

ఇంకో పద్ధతి ఇంటి నుంచి మొదలయ్యేది. వంశవృక్షం గీయమంటే పిల్లలు నాన్న, తాత, ముత్తాత అని పైకి ఎక్కుతారు. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి అని గీయమనండి. నేను పనిచేసిన చోటల్లా మూడో మెట్టు దగ్గర కాగితాలు ఖాళీగా ఉండిపోయాయి. ఆ ఖాళీయే పాఠం. పేరు ఎందుకు తెలియదు? ఇంటిపేరు ఎన్నిసార్లు మారింది? ఏ ఊళ్ళో పుట్టి ఏ ఊళ్ళో చనిపోయింది? ఎన్నో ఏట పెళ్ళయింది? ఏ పని చేసేది, కూలి ఎంత?

దాని పక్కన ఒక చట్టం పెట్టండి. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో కేంద్ర చట్టమే మారి దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. ఊళ్ళో పట్టాదారు పాస్‌బుక్కులు ఎన్ని ఆడవాళ్ళ పేరు మీద ఉన్నాయి? చట్టం వచ్చిన తేదీకీ, హక్కు చేతికి వచ్చిన తేదీకీ మధ్య ఎన్నేళ్ళు? చరిత్ర అంటే తేదీలు కాదని ఊరికే అంటుంటాం. నిజానికి తేదీలే, కాకపోతే రెండో తేదీని ఎవరూ అడగరు.

ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. భూమి లేని ఇంటి పిల్లను పాస్‌బుక్కు తెమ్మనడం అవమానం. అందుకని లెక్క ఊరి మొత్తానికి తీయాలి, పిల్లల పేర్లతో కాదు. ముసలమ్మ చెప్పనన్నదాన్ని తవ్వకూడదు. దెబ్బల గురించి, ఇంటి గుట్టు గురించి పిల్లలచేత అడిగించకూడదు. ఆమె చెప్పింది రాశాక ఆమెకే చదివి వినిపించాలి. పేరు ఉంచాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. స్త్రీల మాటలను ఆకరాలుగా తీసుకుని స్త్రీలను మర్చిపోయే పరిశోధన మనం చాలా చూశాం. దాన్ని బడికి దిగుమతి చెయ్యొద్దు.

ఏ స్త్రీలు అన్న ప్రశ్నను కూడా దాటెయ్యకూడదు. పంతొమ్మిదో శతాబ్దపు 'స్త్రీల సమస్య' అని మన పుస్తకాలు చెప్పేది ప్రధానంగా సతి, వైధవ్యం, బాల్యవివాహం. బ్రాహ్మణ, అగ్రకుల ఇళ్ళలోని బాధలను ఆడవాళ్ళందరి బాధలుగా చదివిస్తాం. మారుమనువు ఆచారంగానే ఉన్న కులాల పిల్లలు ఆ పాఠాన్ని ఏమని చదువుకోవాలి? దొరల గడీల్లో వెట్టి చేసిన ఆడవాళ్ళు, దొర కూతురితోపాటు అత్తారింటికి పంపబడ్డ ఆడబాపలు, ఊరి దేవతకు వదిలిన దళిత జోగినులు ఏ పాఠంలో ఉన్నారు? జోగిని వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. అంటే నేటి బడిపిల్లల అమ్మమ్మల కాలంలో. అది పురాతన దురాచారం కాదు.

చాకలి ఐలమ్మ పేరు ఇప్పుడు మోగుతోంది. మంచిదే. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. కానీ విగ్రహం కూడా ఒక పెద్ద బాక్సే. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ఆమె కౌలు భూమిలో పంటను నిలబెట్టుకుంది. చాకలి కులపు ఆడమనిషి కౌలుకు భూమి తీసుకోవడమే దొరకు ఎందుకంత కంటగింపయింది? బట్టలుతికే చాకిరీకి ఆనాడు ఏం దక్కేది? ఈ ప్రశ్నలు లేకుండా దండ వేస్తే, ఐలమ్మ మిగతా మహిళామణుల వరసలో మరో బొమ్మ అవుతుంది.

అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబస్ పూర్తి కావాలి, పదో తరగతి పరీక్ష ఉంది అంటారు. నిజమే. టీచర్ల నెత్తిన సర్వేలు, ఎన్నికలు, యాప్‌లు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ వేసి, చరిత్ర కొత్తగా చెప్పమనడం అన్యాయమే. అందుకే ఈ భారం టీచరు ఒక్కరి మీదే వేయొద్దంటున్నాను. బడిలో రాజకీయాలు తెస్తున్నారని మరికొందరంటారు. సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ గురించి చెప్తే రాజకీయం, చెప్పకపోతే చరిత్ర! తీసెయ్యడం కూడా రాజకీయమేనని 2022 తర్వాత ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆడపిల్లలకు చెప్పండి, మగపిల్లలకెందుకు అని ఇంకొందరు. ముత్తవ్వ పేరు తెలియని మగపిల్లవాడే రేపు చెల్లెలి చేత హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకునేది.

మనం ఏం చెయ్యాలి? ఊరికే డిమాండ్ల పత్రం రాసి మంత్రికి ఇస్తే సరిపోదు.

ఒకటి, ప్రతి జిల్లాలో మన సంఘాల దగ్గరున్న కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, క్యాసెట్లు, ఫోటోలు బీరువాల్లోంచి బయటికి రావాలి. ఆ జిల్లా ఉద్యమాల నుంచి ఇరవై కాగితాలు ఏరి, జిరాక్సు తీసి, అట్టపెట్టెలో పెట్టి హైస్కూలుకు ఇద్దాం. ఈ పెట్టె బాక్సులాంటిది కాదు, తెరుచుకునేది.

రెండు, విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి యాజమాన్య కమిటీల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మన సంఘాల సభ్యులు ఎంతోమంది వాటిలో ఉన్నారు. మరుగుదొడ్ల గురించి, భోజనం గురించి అడుగుతున్నారు. పిల్లలకు ఏ చరిత్ర చెప్తున్నారని కూడా అడగాలి. ఊరి పెద్దమనుషుల్లాగే ఊరి ముసలమ్మలను కూడా నెలకొకసారి తరగతిలో కూర్చోబెట్టి మాట్లాడించమని తీర్మానం చెయ్యొచ్చు. దానికి ఏ జి.వో.లూ అక్కరలేదు.

మూడు, పరీక్ష మారకుండా పాఠం మారదు. ఒక శాసనాన్నో, వార్తనో, ఒక స్త్రీ చెప్పిన అనుభవాన్నో ఇచ్చి, దాని నుంచి ఏం తెలుస్తోంది, ఏం తెలియడం లేదు అని అడిగే ప్రశ్న ప్రతి చరిత్ర పరీక్షలోనూ ఉండాలని రెండు రాష్ట్రాల ఎస్.సి.ఇ.ఆర్.టి.లనూ ఒత్తిడి చేద్దాం. ప్రశ్నపత్రంలో లేనిది తరగతి గదిలో బతకదు.

నాలుగు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, గురుకులాలతో మొదలుపెడదాం. అక్కడి ఆడపిల్లలకు సాయంత్రాలు ఖాళీ ఉంటుంది, అడగడానికి ప్రశ్నలు బోలెడుంటాయి.

తొందరపడాల్సిన అవసరం కూడా ఉంది. మల్లు స్వరాజ్యం 2022లో వెళ్ళిపోయింది. సాయుధ పోరాటం చూసిన తరం దాదాపు అయిపోయింది. సారా ఉద్యమంలో ముప్పై ఏళ్ళ వయసులో చీపుర్లు పట్టుకుని కదిలిన ఆడవాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి. వాళ్ళు ఇంకా మన ఊళ్ళల్లో, అరుగుల మీద, ఉపాధి పనుల్లో, పింఛను లైన్లలో ఉన్నారు. పుస్తకంలోంచి వాళ్ళను తీసేసినవాళ్ళకు ఊళ్ళోంచి తీసెయ్యడం చేతకాదు. పిల్లలను వాళ్ళ దగ్గరికి పంపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెడదాం.